నీళ్లు తాగిన జంటపడవలు

ఆ వసంతంలో గిలార్దోనీల ఇంట్లో పట్టుపురుగులకు రెండు గదులున్నాయి. కొత్తగా పెళ్లయిన ఎర్సీలియాకూ ప్లీనియోకూ మాత్రం వంటింట్లో అడ్డంగా కట్టిన ఒక దుప్పటి ఉంది.

దుప్పటికి ఇవతల వీళ్లిద్దరి మంచం, అవతల పెట్రోనిల్లా అత్త మంచం. ఆవిడ ప్లీనియోకి మేనత్త. కానీ పెస్కలీనా ఊళ్లో అందరూ, ఆఖరికి చర్చి ఫాదరు కూడా, ఆవిణ్ణి అత్తా అనే పిలుస్తారు. అత్త పడుకుంటే గురక పెడుతుంది, లేస్తే పురుగులకు మల్బరీ ఆకు పెడుతుంది. పక్కగదుల్లో అవి ఆకు నములుతుంటే పెంకుల మీద సన్నటి జల్లు పడుతున్నట్టుంటుంది. ఎర్సీలియాకు ఆ చప్పుడంటే ఇష్టం. అసలు ఆ నెలలో ఆమెకు ఇష్టం కానిదంటూ లేదు. మొగుడి జుట్టులో చిక్కుకున్న చెక్కపొట్టు ఇష్టం. భోజనాల బల్ల కింద అతని బొటనవేలు తన మడమను వెతుక్కుంటూ రావడం ఇష్టం. ఒకసారి దారి తప్పి మావగారి కాలిని గోకినప్పుడు అతని మొహం కందగడ్డయిపోవడం మరీ ఇష్టం. ఉన్న కొరతల్లా ఒక్కటే. తలుపు.

"తలుపున్న గది ఒక్కటి చాలు ప్లీనియో. కిటికీ లేకపోయినా పర్లేదు," అనేది.

"కిటికీ కూడా ఉండేది," అనేవాడు ప్లీనియో నిట్టూర్చి.

నిజంగానే ఉండేది. పడవలు కట్టే కొట్టం పైన, సరస్సు వైపు కిటికీతో, సున్నం వేసి, కొత్త జంట కోసమే సిద్ధం చేసిన గది. పెళ్లికి కాస్త ముందు మిలాను నుంచి ఇంజినీరు ఒట్టోరీనో దిగాడు. నీటి మీద నుంచి ఎగిరే యంత్రం చేస్తున్నాననీ, దాని కిందికి రెండు సన్నటి పడవలు కావాలనీ, కోమో సరస్సు మొత్తం మీద గిలార్దోనీల చెయ్యే చెయ్యనీ అన్నాడు. ఆ మాటకు మావగారు ఎలిసేయో మెత్తబడిపోయాడు. "నీ యంత్రం నీళ్ల మీంచి లేచేదాకా పైగది నీదేనయ్యా," అని చెయ్యి కలిపేశాడు. వారం రోజుల పనే కదా అనుకున్నారంతా. పెళ్లయింది, పురుగులు గుడ్లు చీల్చుకుని బయటికొచ్చి బొటనవేలంత లావయ్యాయి, ఇంజినీరు మాత్రం పైగదిలోనే ఉన్నాడు. గిలార్దోనీ ఒకసారి కలిపిన చెయ్యిని వెనక్కి తీసుకోవడం ఆ ఒడ్డున ఎవరూ చూడలేదు.

కొట్టంలో, సగం కట్టిన పడవల చాటున, ఎర్సీలియా ప్లీనియో మెడ చుట్టూ చేతులు వేసిందో లేదో, పైకప్పులోని మూత తెరుచుకుని ఇంజినీరు తల కిందికి వేలాడేది.

"ప్లీనియో! చిన్న పట్టకారు కనిపించిందా?"

"నా చేతుల్లో లేదండీ," అనేవాడు ప్లీనియో, అక్షరాలా నిజం చెబుతూ.

"సరే సరే, మీ పని మీరు కానివ్వండి," అని తల పైకి పోయేది. మంచివాడే. అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

రోజూ పొద్దున, ఉత్తరపు గాలి పడిపోయి సరస్సు పళ్లెంలో నూనెలా నిలిచినప్పుడు, యంత్రాన్ని నీళ్లలోకి తోసేవాళ్లు. గుడ్డ రెక్కలు, వెదురు తోక, తీగలు, మధ్యలో మనిషికి ఒక పీట, దాని వెనక మోటారు. చక్రాలుండాల్సిన చోట ఎలిసేయో చేతి జంటపడవలు, మూతలు బిగించి, చేపల్లా నున్నగా. మోటారుకి ఆముదం పోయాలి. రాజుకోగానే ఊరంతా ఆముదం కంపు.

"ఆముదం తాగినవాడు ఎక్కడికి పరిగెడతాడో నాకు తెలుసు. ఆకాశంలోకి మాత్రం కాదు," అనేది పెట్రోనిల్లా అత్త.

యంత్రం గుర్రుమంటూ బయల్దేరి, తరిమితే ఎగరడం మర్చిపోయిన బాతులా సరస్సు ఈ కొస నుంచి ఆ కొసకు నీళ్లు చిమ్ముకుంటూ పరిగెత్తేది. అంతే. లేచేది కాదు. తిరిగి వచ్చాక పిట్టగోడ మీద కూర్చున్న జాలరులు తమ అభిప్రాయం చెప్పేవాళ్లు.

"ఇవాళ నిన్నటికంటే తక్కువ లేచింది."

"నిన్న లేవనే లేదు కదరా!"

"అదే నేనూ అనేది."

ఇంజినీరుకు కారణం తెలుసు. బరువు. ఆయన లెక్క ప్రకారం యంత్రం ఎప్పుడో లేవాలి. లేవలేదు కనక ఎక్కడో బరువు దాక్కుని ఉంది, దాన్ని పట్టుకోవాలి. మొదట పీట మీది దిండు తీసేశాడు. తర్వాత జేబు గడియారం, బూట్లు, కోటు గుండీలు. ఆ తర్వాత జంటపడవలకు పూసిన వార్నిషు అంతా గాజుముక్కతో గీకి పారేశాడు. అది చూసి ఎలిసేయో శిలువ గీసుకుని లోపలికి వెళ్లి ఒక గ్లాసు ద్రాక్షసారా తాగాడు. ఒక ఆదివారం మంగలి దగ్గరికి వెళ్లి మీసం కూడా తీయించేశాడు ఇంజినీరు. అంత మీసాన్ని ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. మంగలి దాన్ని పట్టుగూళ్లు తూచే త్రాసులో వేసి చూపించాడు. ముల్లు కదల్లేదు. అయినా ఇంజినీరు చాలా ఆశగా ఇంటికొచ్చాడు.

ఇక మిగిలింది ఆయన ఒళ్లు. మొక్కజొన్న సంకటి మానేశాడు, జున్ను మానేశాడు, ఉల్లిపాయ చారు ఒక్కటే తాగేవాడు. కుటుంబమంతా ఎర్రటి రాగి గుండిగ చుట్టూ చేరి వేడివేడి సంకటిని దారంతో ముక్కలు కోసుకుని, కాల్చిన ఎండు చేపతో తింటుంటే, ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చుని గురుత్వాకర్షణ గురించి మాట్లాడేవాడు. 

"ఇంకొన్నాళ్లు పోతే యంత్రం లేచినా లేవకపోయినా ఇంజినీరు మాత్రం లేచిపోతాడు, గాలికి," అన్నాడు ప్లీనియో. ఎర్సీలియా నవ్వలేదు. అలా అయితే గది ఖాళీ అవుతుందన్న ఆలోచన ఒక్క క్షణం తనకే వచ్చి, సిగ్గుపడి, ఆయన చారులో ఎవరూ చూడకుండా ఒక చెంచా వెన్న వేసింది.

ఒకరోజు తెల్లారుతుండగా ఆమె రాగి బకెట్టు పట్టుకుని రేవుకు వెళ్లింది. అక్కడ మావగారు నడుముల్లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు.

"మావయ్యా! పడిపోయారా?"

"పడలేదమ్మాయ్. అరవకు, ఇంజినీరు లేస్తాడు."

ఆయన వంగి నీళ్లలోంచి ఒక రాయి తీసి ఒడ్డుకు విసిరాడు. ఇంకొకటి తీశాడు. రాళ్లన్నీ పోయాక, పసిపిల్లాణ్ణి లేపినట్టు మెల్లగా, నీళ్ల అడుగు నుంచి జంటపడవలు రెండూ పైకి తేల్చాడు. మూతలు తీసి వంచితే నీళ్లు బుడబుడమంటూ బయటికి పోయాయి.

"రాత్రంతా తాగాయి, బంగారుతల్లులు," అన్నాడు పాతగుడ్డతో తుడుస్తూ.

"ఏంటి తాగాయి?"

"నీళ్లు."

"ఎందుకు?"

ఎలిసేయో ఆమె వంక జాలిగా చూశాడు. "మీ కొండ మీద చెస్ట్‌నట్ చెట్లే గానీ పడవలుండవు కదా, నీ తప్పేం లేదులే. కొత్త పడవకి దాహం ఉంటుందమ్మాయ్. ఎండు చెక్క కదా. మనం ముందే తాపకపోతే నడిసరస్సులో, మనిషి ఎక్కాక తాగుతుంది. అందుకని రాళ్లేసి ముంచి కడుపునిండా తాపుతాం. పలక ఉబ్బుతుంది, అతుకు బిగుస్తుంది, ఆ పైన చుక్క కారదు."

"ఎన్నాళ్లు తాపాలి?"

"జ్ఞానతల్లి చాలు అనేదాకా. బాప్తిస్మంలో బిడ్డకి ఉన్నట్టే ప్రతి పడవకీ ఒక జ్ఞానతల్లి ఉంటుంది. ఆవిడ వచ్చి, లోపల చెయ్యి పెట్టి, 'తాగింది చాలు' అంటుంది. అప్పుడే అది పడవైనట్టు. మా తాత నాటి నుంచీ అంతే."

"మరి వీటి జ్ఞానతల్లి ఎవరు?"

"ఎవరూ లేరు! నా గోల అదే కదా," అని ఎలిసేయో నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "మొదటిరోజే అడిగా. ఇంజినీరు నవ్వాడు. 'యంత్రానికి జ్ఞానతల్లేంటి పెద్దాయనా, ఇరవయ్యో శతాబ్దంలో' అన్నాడు. సరే, ఆయన వస్తువు, ఆయన ఇష్టం. కానీ చాలు అనేవాళ్లు లేకపోతే నేనెలా ఆపుతాను? సాయంత్రం యంత్రం నుంచి విప్పి ముంచుతున్నా, పొద్దున తేల్చి మళ్లీ బిగిస్తున్నా. అందులోనూ ఆయన వార్నిషు గీకేశాక, అబ్బో, ఏం తాగుతున్నాయనుకున్నావు!"

ఎర్సీలియా బకెట్టు కింద పెట్టి ఒక పడవ కొస పట్టుకుని ఎత్తబోయింది. చర్చి గంటను ఎత్తబోయినట్టయింది. తడిసిన కంబళి ఎంత బరువుంటుందో బట్టలుతికే ఏ ఆడదానికైనా తెలుసు. పాపం ఇంజినీరు కోటు గుండీలు కోసుకుంటున్నాడు, మీసం గొరిగించుకుంటున్నాడు. అక్కడ ఆయన కాళ్ల కింద రెండు పడవలూ సరస్సును కడుపులో పెట్టుకుని రోజూ ఆకాశానికి బయల్దేరుతున్నాయి.

ఆమె పరుగున కొట్టంలోకి వెళ్లి చిత్రిక పడుతున్న మొగుణ్ణి పట్టుకుంది.

"మావయ్య పడవలకి నీళ్లు తాపుతున్నారని నీకు తెలుసా?"

"తాపకపోతే మునిగిపోవూ?"

"తాపితే లేవవు కదా!"

చిత్రిక పడుతున్న ప్లీనియో చెయ్యి ఆగిపోయింది. "పడవ లేవడం గురించి నాన్న నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు.

"ఇంజినీరుగారికి చెప్పేద్దామా?"

"చెబితే ఆయన నాన్న దగ్గరికెళ్లి, నువ్వు కట్టిన పడవకి నీళ్లెందుకు తాపావు అంటాడు. మా నాన్నని! అప్పుడు నాన్న ఆ పడవలు ఊడబీక్కుని పొయ్యిలో పెడతాడు. చెయ్యి కలిపాడు కనక గది మాత్రం ఇంజినీరుదే. ఇక అది లేచేదీ లేదు, ఆయన దిగేదీ లేదు. మనవలు పుట్టినా మనం దుప్పటి వెనకే."

"దుప్పటి వెనక మనవలెలా పుడతారు?" అంది ఎర్సీలియా.

ఇద్దరూ దిగాలుగా కూర్చున్నారు. కాసేపటికి ఎర్సీలియా లేచి పావడా దులుపుకుంది. మావగారు కావాలని తాపడం లేదు. చాలు అనే మనిషి లేక తాపుతున్నాడు. ఆ మనిషిని తెస్తే సరి.

మధ్యాహ్నం ఇంజినీరు మెట్ల మీద కూర్చుని చొక్కా కాలరు కత్తిరించుకుంటున్నాడు. ఎర్సీలియా ఆయన పక్కన సంకటి గుండిగ దించింది. పైన వెన్న కరుగుతోంది.

"ఇంజినీరుగారూ, మీ జంటపడవలకి జ్ఞానతల్లిని పెట్టండి."

"మళ్లీ మొదలా?" అన్నాడాయన, గుండిగ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ. "దానివల్ల ఏమొస్తుందమ్మా?"

"బరువు తగ్గుతుంది. ఇద్దరు మనుషులంత."

"జ్ఞానతల్లి వల్ల?"

"జ్ఞానతల్లి వల్లే."

"శాస్త్రీయంగా ఎలా?"

"అది మీరు కనిపెట్టాలి గానీ నన్నడిగితే ఎలాగండీ? మీ లెక్క నమ్మి మీసం తీయించారు. నా మాట విని ఇది చెయ్యండి. ఒట్టు, నిజంగా తగ్గుతుంది. అంత తగ్గాక మీరిక పస్తులుండక్కర్లేదు కూడా."

ఇంజినీరు గుటక వేశాడు. "అది వెన్నేనా?"

"వెన్నే. కింద జున్ను కూడా ఉంది."

"ఇరవయ్యో శతాబ్దం ఒక్కరోజు ఆగుతుందిలే," అని ఆయన చెంచా కోసం చెయ్యి చాచాడు.

పెస్కలీనాలో జ్ఞానతల్లి అంటే పెట్రోనిల్లా అత్తే. ఊళ్లో సగం పడవలకి ఆవిడే తల్లి. కబురు వినగానే ఆవిడ పట్టుశాలువా పెట్టెలోంచి తీయించింది. అంతలో పక్కగది నుంచి జల్లు చప్పుడు కుంభవృష్టి చప్పుడుగా మారింది. పురుగులు నాలుగో నిద్ర లేచాయి. దాని తర్వాత వచ్చేది పిచ్చిమేత. రాత్రీ పగలూ గంపలు గంపలు ఆకు పోస్తూనే ఉండాలి. గడప దాటితే ఏడాది పట్టు పోయినట్టే.

అత్త శాలువా వంకా పురుగుల వంకా మార్చి మార్చి చూసింది. "ఏమే పిల్లా, ఇలా రా," అని ఎర్సీలియాని పిలిచింది. "నా బదులు నువ్వు నిలబడు. చెయ్యి లోపల పెట్టాలి. మోచేతి దాకా. సిగ్గుపడుతూ అనకు, గట్టిగా అను. జ్ఞానతల్లి అబద్ధమాడకూడదు, గుర్తుంచుకో. అబద్ధమాడితే పడవ పగబడుతుంది."

ఆ సాయంత్రం ఎర్సీలియా అత్త శాలువా కప్పుకుని, రేవులో మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో పడవలోనూ మోచేతి దాకా చెయ్యి పెట్టింది. లోపల చెక్క చన్నీళ్లలో నానిన శనగలా ఉబ్బి ఉంది. "తాగింది చాలు!" అంది ఊరంతా వినేట్టు. రెండోసారి ఇంకా గట్టిగా, "తాగింది చాలంటే చాలు!"

ఎలిసేయో టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "బతికించావమ్మాయ్. నా నడుం ఇక ఈ జన్మకి వంగదనుకున్నా."

జంటపడవలను ఎండు చేపల పందిరి మీద, చేపల పక్కనే ఆరబెట్టారు. ఊరి పిల్లులన్నీ కాపలా కాశాయి. ఇంజినీరు వచ్చి ఒక పడవను ఒక్క చేత్తో ఎత్తి, నోరు తెరిచి, ఎర్సీలియా వంక చూసి, మళ్లీ పడవ వంక చూసి, నోరు మూసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఆమెను కాస్త భయంగా పలకరించేవాడు.

పెంతెకోస్తు ఆదివారం పూజ అవ్వగానే ఊరంతా రేవుకొచ్చింది. ఇంజినీరు పీట ఎక్కబోతుంటే ఎలిసేయో వెళ్లి యంత్రం ముందు, పడవల్ని నీళ్లలోకి దింపే జారుబల్ల మీద, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"లే పెద్దాయనా, గాలి బాగుంది."

"జ్ఞానతల్లి ఎక్కలేదు కదా."

"ఎక్కడమేంటి?"

"మొదటిసారి నీళ్లలోకి దిగేటప్పుడు జ్ఞానతల్లి ఎక్కాలి. ఎక్కందే మా ఊళ్లో ఏ పడవా కదల్లేదు."

"మొదటిసారా? నేను రోజూ దింపుతూనే ఉన్నాను కదా!"

"అది దింపడం కాదు, నానబెట్టడం," అన్నాడు ఎలిసేయో. పిట్టగోడ మీది జాలరులంతా తలలూపారు. తేడా వాళ్లకు స్పష్టంగా ఉంది.

ఇంజినీరు రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తాడు. "నేను మీసం తీయించుకున్నాను! గుండీలు కోసుకున్నాను! ఉల్లిపాయ నీళ్లు తాగి బతికాను! ఇంత చేసి ఇప్పుడొక నిండు మనిషిని ఎక్కించుకోమంటారా?"

"నిండు మనిషేం కాదులెండి," అన్నాడు ప్లీనియో నొచ్చుకుని, "కొండ పిల్ల. మేకంత ఉంటుంది."

"పెట్రోనిల్లా అత్తే వచ్చుంటే ఏం చేసేవాడివి?" అని గోడ మీంచి ఒకడు అరిచాడు. "పురుగులకి దణ్ణం పెట్టుకో!"

ఇంజినీరు అత్తను ఊహించుకున్నాడు కాబోలు, చేతులు దించేశాడు. తన వెనక, మోటారు ముందు, ఒక పలక కట్టించాడు. ఎర్సీలియా శాలువా నడుముకు బిగించి ఎక్కుతుంటే ప్లీనియో ఆమె చెయ్యి వదల్లేదు.

"నీకు ఈత రాదు కదే."

"నీకు వచ్చు కదా."

"నేను కింద ఉంటాను!"

"నేనూ కిందికే వస్తాగా," అంది. బూట్లు విప్పి అతని చేతికిచ్చింది. బరువు తగ్గుతుందని.

మోటారు రాజుకుంది. ఆముదం పొగ, నీటి తుంపర, చెవులు చిల్లులుపడే రొద. ఒడ్డు మీద జనం వెనక్కి జారిపోయారు. యంత్రం ఎప్పటిలాగే బాతులా పరిగెత్తింది, కానీ కింద పడవలు ఈసారి దబదబమనడం లేదు, టకటకమంటున్నాయి. ఆ టకటక పల్చబడింది. తర్వాత లేదు.

ఎర్సీలియా కిందికి చూసింది. తన పాదాలకూ సరస్సుకూ మధ్య ఏమీ లేదు. ఆ ఏమీలేనిదాంట్లోంచి ఒక నీటికాకి తల పైకెత్తి ఆమె వంక చూసి, చాలా అవమానపడ్డట్టు మునిగిపోయింది. చర్చి శిఖరం కంటే కిందే ఉన్నారు, గట్టిగా చెప్పాలంటే కోళ్లగూడు కంటే కాస్త పైన. అయినా ఊరు మొత్తం అరచేతిలోకి వచ్చింది. ఎర్ర పెంకులు, పురుగుల గదుల పొగగొట్టాలు, వంటింటి గుమ్మంలో ఆకుగంపతో చేతులాడిస్తున్న చిన్న బొమ్మంత అత్త. కొట్టం మీద తెరిచి ఉన్న కిటికీ. ఆ కిటికీలోంచి లోపలి తలుపు కూడా కనిపించింది. నిజమైన తలుపు, గడియతో సహా.

"లేచాం!" అని అరిచింది. "ఇంజినీరుగారూ, లేచాం!"

"నాకు తెలుసు!" అని అరిచాడాయన, ఏడుస్తూ. "ఇంతవరకూ దిగడం గురించే ఆలోచించలేదు!"

దిగడం దానంతట అదే జరిగింది. జంటపడవలు నీటిని ముద్దు పెట్టుకుని, ఒకసారి గెంతి, ఒడ్డుకు దగ్గర్లో హాయిగా ఆగాయి. పిట్టగోడ మీద టోపీలు ఎగిరాయి. చర్చి గంట ఎవరో మోగించేశారు. ఆ సంబరంలో ఎర్సీలియా ఒక్కతే గమనించింది, తన పాదాలు తడుస్తున్నాయి. తర్వాత మడమలు.

"మావయ్యా!" అని పిలిచింది. "ఇవి మళ్లీ తాగుతున్నాయి!"

"చెప్పలేదూ!" అన్నాడు ఎలిసేయో ఒడ్డు మీంచి, గర్వంతో వెలిగిపోతూ. "ఎండు చెక్కకి దాహం ఉంటుందని చెప్పలేదూ!"

యంత్రం ఏ తొందరా లేకుండా, మర్యాదగా మునిగింది. ఇంజినీరు పీట ఎక్కి నిలబడి, నీళ్లు ఛాతీ దాకా వచ్చినా చేతులూపుతూ "లేచింది, అందరూ చూశారు కదా, లేచింది," అంటూనే ఉన్నాడు. ప్లీనియో చొక్కాతోనే దూకి, పెళ్లాన్ని భుజానేసుకుని వచ్చాడు. ఒడ్డు చాలా దగ్గరే. అయినా అతను కాస్త చుట్టు తిరిగి వచ్చాడని జాలరులు తర్వాత ఏడిపించారు.

ఆ సాయంత్రం ఇంజినీరు వరుసగా నాలుగు ముక్కల సంకటి తిని మూతి తుడుచుకున్నాడు. "యంత్రం లేచింది. మాట ప్రకారం గది ఖాళీ చేస్తాను. కానీ పని అయిపోలేదు పెద్దాయనా. ఎండితే లేస్తుంది, మునుగుతుంది. తడిస్తే తేలుతుంది, లేవదు. మధ్యలో ఏదో ఒక స్థితి ఉండాలి. దాన్ని కనుక్కునేదాకా నేనెక్కడికీ పోను. ముందు ఈ పడవలు ఆరాలి. నెమ్మదిగా, నీడలో, వెచ్చగా. ఎండలో పెడితే ఈసారి పగులుతాయి."

"నీడా వెచ్చనా అంటే పురుగుల గదులే," అన్నాడు ఎలిసేయో. "అక్కడ సందు లేదు. ఇక మిగిలింది..."

అందరూ పైకి చూశారు. ఎర్సీలియాకు విషయం అర్థమైంది. ముందు రెండు గదులు పురుగులకి పోయాయి, పైగది ఇంజినీరుకి. ఇప్పుడు ఆ గది పడవలకి.

"మరి నేనెక్కడ పడుకోను?" అన్నాడు ఇంజినీరు. "ఆ రెండూ పెడితే నా మంచం పట్టదు."

"దుప్పటి వెనక మంచం ఉంది కదా," అంది పెట్రోనిల్లా అత్త ఆకుగంప దించుతూ. "ఇంజినీరు కుర్రాడు సన్నబడ్డాడు, పట్టేస్తాడు. రాత్రిపూట ఆకు పోయడానికి నాకూ ఒక చెయ్యి దొరుకుతుంది."

"మరి వీళ్లిద్దరూ?" అన్నాడు ఎలిసేయో.

"వీళ్లు పైన. జ్ఞానతల్లి పడవల దగ్గర ఉండకపోతే ఇంకెవరుంటారు? చాలు అని తాగుడు మాన్పించినమ్మే ఆరాయి అని కూడా చెప్పాలి. ఇంకెవరన్నా చెబితే చెల్లదు."

ఎలిసేయో గెడ్డం గోక్కున్నాడు. అలాంటి ఆచారం ఒకటి ఉన్నట్టు ఆయనకు గుర్తులేదు. కానీ పడవల విషయంలో అక్కతో వాదించి గెలిచినట్టు కూడా గుర్తులేదు. సరేనన్నాడు.

పైగదిలో జంటపడవలు ఈ గోడకొకటి, ఆ గోడకొకటి పడుకున్నాయి. మధ్యలో మంచం సరిగ్గా పట్టింది, ఎక్కాలంటే కాళ్ల వైపు నుంచి పాకాలి. చేపల వాసన, ఆముదం వాసన, తడిచెక్క వాసన. ఎర్సీలియా తలుపు వేసింది. తీసింది. మళ్లీ వేసింది. గడియ పెడితే టక్కున పడింది. ఆ చప్పుడు వినడానికే మరోసారి పెట్టింది.

"ఇక చాల్లేవే," అన్నాడు ప్లీనియో.

"ఒక్కసారి," అంది.

కిందనుంచి మావగారి గొంతు పొద్దున్నే వినిపించేది. రోజూ అదే ప్రశ్న.

"అమ్మాయ్! ఆరాయా?"

మొదటి రోజుల్లో జవాబు తేలిక. ఆరలేదు. తర్వాత కష్టమైంది. బయట వేసవి ముదిరింది, పురుగులు మేత మాని గూళ్లు అల్లుకోవడం మొదలుపెట్టాయి, ఇంజినీరు అత్త గురకకు అలవాటుపడి కొత్త మీసం పెంచుతున్నాడు. ఒక ఉదయం ఎర్సీలియా మంచం మీంచే చెయ్యి చాపి ఎడమవైపు పడవలో మోచేతి దాకా పెట్టింది. లోపల చెక్క వెచ్చగా, గరుకుగా, అప్పుడే కాల్చిన రొట్టె పెంకులా ఉంది. ఆమె ప్లీనియో వంక చూసింది. జ్ఞానతల్లి అబద్ధమాడకూడదు.

"అమ్మాయ్! ఆరాయా?"

ప్లీనియో లేచి, మంచం కాళ్ల వైపుకు పాకి, మొహం కడుక్కునే కూజాలో చెయ్యి ముంచి, ఆ పడవ మీదా ఈ పడవ మీదా, ఫాదరు తీర్థం చల్లినట్టు, కాసిని నీళ్లు చిలకరించాడు.

"ఇంకా చెమ్మగానే ఉన్నాయి మావయ్యా!" అని కేకేసింది ఎర్సీలియా.